పర్వతయాత్రికుని మూట

“మోసేవానికి తెలుసు కావడి బరువు” అని తెలుగువారి సామెత. ఇంటిలో మూట కట్టువాడొకడు, కొండపై దానిని మోయువాడు మరియొకడు ఐనప్పుడు ఆ సామెతలో ఒక ధర్మప్రశ్న పుట్టుచున్నది. కట్టినవానికి బరువు తెలియదు. బరువు తెలిసినవానికి కట్టుటలో మాట లేదు. ఈ ఇద్దరి నడుమ న్యాయమెట్లుండవలెనో విచారించుట యాత్రకు పోవువారికే కాదు, ఇంట నుండువారికిని అవసరము.

శ్రావక కుటుంబములకు కొండయెక్కుట క్రొత్త కాదు. తీర్థములలో పెక్కు కొండలమీదనే వెలసియున్నవి. చెన్నపట్టణమున షావుకారుపేటనుండి, మింటు వీధినుండి సంఘములుగా బయలుదేరి శత్రుంజయమునకు, గిరనారునకు, సమ్మేదశిఖరమునకు పోవుట తరతరముల వాడుక. ఐనను ఆ కొండలు మూట కోరునవి కావు. శత్రుంజయమునకు సుమారు 3,500 మెట్లు. తెల్లవారుజామున ఎక్కి, దర్శనము చేసికొని, పైన భుజింపక, ప్రొద్దు క్రుంకకముందే దిగివత్తురు. రాత్రి ఆ కొండపై ఎవరును నిలువరు, పూజారులును దిగవలసినదే. ఊతకు ఒక చేతికర్ర ఉన్న చాలును. అక్కడ మనుష్యుడు ఏమి తెచ్చెనో కొండ అడుగదు.

అష్టాపదము సంగతి వేరు. ఆదితీర్థంకరుడైన ఋషభదేవుడు నిర్వాణము పొందిన చోటు అష్టాపదమని శాస్త్రము. కైలాసపర్వతమే ఆ అష్టాపదమని పెక్కుమంది విశ్వాసము. టిబెట్టునందలి ఆ శిఖరమును ఎవరును ఎక్కరు, చుట్టివత్తురు. ఆ ప్రదక్షిణము సుమారు 52 కిలోమీటర్లు, సాధారణముగా మూడు దినముల నడక. దారిలో దాటవలసిన డోల్మా కనుమ సముద్రమట్టమునకు సుమారు 5,600 మీటర్ల ఎత్తున ఉన్నది. భారత ప్రభుత్వము 1981లో ఆరంభించిన కైలాస మానససరోవర యాత్ర 2020లో మహమ్మారి కారణమున ఆగి, 2025లో మరల సాగినది. దానితో దక్షిణదేశపు గృహములలోను అష్టాపదపు మాట మరల వినవచ్చుచున్నది.

చెన్నపట్టణము సముద్రపు ఒడ్డు. ఇక్కడ పుట్టి పెరిగినవానికి చలి యనగా మార్గశిరమాసపు తెల్లవారుజామున ఒక శాలువ కప్పుకొనుట. కొండల లెక్క అది కాదు. ప్రతి వేయి మీటర్ల ఎత్తునకు వేడిమి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును. 5,500 మీటర్ల ఎత్తున గాలియొత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో సగము మాత్రమే. అందుచేత ఇక్కడ పది మెట్లకు పట్టని ఆయాసము అక్కడ నాలుగడుగులకు పట్టును. మానససరోవరపు ఒడ్డున నీరు 85 డిగ్రీలలోపుననే మరగును. మూతబిగిసిన కుక్కరు లేనిదే పప్పు ఉడుకదు. ఇట్టి చోటికి పోవువాడు చేతికర్ర పట్టుకొని పోజాలడు. మూట కట్టవలసినదే. ఏమి కట్టవలెను, ఎంత కట్టవలెను అన్నచోట ప్రశ్న ఆరంభమగుచున్నది.

షావుకారుపేటలో ఒక వర్తకుని ఇల్లు ఊహించుకొనవచ్చును. ఇంటి పెద్ద అరువదియేండ్లవాడు. అష్టాపదయాత్రకు పేరు ఇచ్చినాడు. పదిదినములుగా నడుమగదిలో సామాను పోగగుచున్నది. ఉన్నిబట్టలు, వానకోటు, రెండు జతల జోళ్లు, మందులపెట్టె, ఖాఖరాల డబ్బాలు, వేయించిన పెసలు, అటుకులు, కుక్కరు, పూజాద్రవ్యములు, దిండు. పెద్దకోడలు మడిచిన శాలువ ఒకటి తెచ్చి, “మామగారూ, ఇది కూడా పెడుతున్నాను, ఎందుకైనా మంచిది” అనును. కొడుకు మరియొక దీపము తెచ్చి, “నాన్నగారూ, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది, ఎందుకైనా మంచిది” అనును. కడపట పెద్దాయన మూటలన్నియు దుకాణపు తక్కెడలో పెట్టించును. ముప్పదియెనిమిది కిలోలు! తాను మోయగలిగినది ఆరు కిలోలు. “మరి ఈ ముప్పై రెండు కిలోలు మోసేదెవరమ్మా?” అని ఆయన అడుగును. గదిలో ఎవరును మాటాడరు.

“ఎందుకైనా మంచిది” అను మాటలో ప్రేమ ఉన్నది, భయము ఉన్నది, ముందుచూపు ఉన్నది. మూడును ఒకే మాటలో దాగియుండుటచేతనే చిక్కు వచ్చుచున్నది. గృహస్థుని పండ్రెండు వ్రతములలో భోగోపభోగ పరిమాణము ఒకటి. ఒకసారి అనుభవించి తీరిపోవు అన్నపానాదులు భోగము. మరల మరల వాడదగిన వస్త్రాదులు ఉపభోగము. ఈ రెంటికిని ముందుగా ఒక హద్దు ఏర్పరచుకొనుటయే ఆ వ్రతము. యాత్రకు మూట కట్టుటయు ఇదే పని. ఇంటిలో ఆ హద్దు ఏడాదికొకసారి మాటగా చెప్పుకొనవచ్చును. కొండమూటలో అది కిలోలలో తేలును.

కాని ఆ హద్దును దేనినిబట్టి నిర్ణయింపవలెను? “వాడినది అవసరము, వాడనిది అనవసరము” అని కొందరు సులభముగా తేల్చివేయుదురు. ఇది సరికాదు. ఔషధము తీసికొనిపోయి, దానిని విప్పకయే తిరిగివచ్చినవాడు అదృష్టవంతుడు గాని అత్యాశాపరుడు కాడు. వానకోటు మూడు దినములును సంచిలోనే ఉండవచ్చును. ఐనను అది లేక బయలుదేరినవాడు అవివేకి. అట్లే ప్రతిదినము వాడినంతమాత్రాన ఒక వస్తువు అవసరమైనది కాదు. మెత్తని దిండును ప్రతిరాత్రియు వాడవచ్చును. అది లేనిచో మడిచిన కోటు తలక్రిందికి చాలును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున పరిగ్రహమునకు వస్తువుల లెక్కను గాక మూర్ఛను, అనగా మమకారమును, లక్షణముగా చెప్పెను. ఆ దృష్టితో చూచినచో వానకోటు పరిగ్రహము కాదు, దిండు పరిగ్రహము. మొదటిది కొండ అడిగినది. రెండవది ఇంటి అలవాటు కొండదాక వెంటబడి వచ్చినది.

జైనగృహస్థునకు మరియొక విచారము కూడ ఉన్నది. బరువు తక్కువ, వెచ్చదనము ఎక్కువ అని పేరుపొందిన చలికోట్లు పెక్కు బాతుల మెత్తని ఈకలతో నింపినవి. కొండజోళ్లలో పెక్కింటికి తోలు ఉండును. కృత్రిమనూలు నింపిన కోట్లు, తోలు లేని జోళ్లు కూడ దొరకును. అట్టి కోటు కొంచెము బరువు, మడిచినను కొంచెము పెద్దది. కాని తడిసినప్పుడు ఈకలకోటుకంటె మేలుగా వెచ్చదనము నిలుపును. బరువు తగ్గించుకొనుట ఒక ధర్మము, ప్రాణిహింస మానుట అంతకు పెద్ద ధర్మము. ఇక్కడ కొంచెము బరువు ఎక్కువైనను పుచ్చుకొనుటయే తగును. ఆ ఎక్కువను దిండు మానివేసి సరిచేసికొనవచ్చును. భోజనము సంగతియు అంతే. టిబెట్టులో గడియారములు బీజింగు కాలమును చూపును. అక్కడ సూర్యుడు గడియారపు లెక్కకు చాల ఆలస్యముగా అస్తమించును. రాత్రిభోజనము మానినవారి వ్రతము సూర్యుని చూచును గాని గడియారమును చూడదు. కావున దానికై ప్రత్యేకముగా సరంజామా అక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది యాత్రికునికిని వస్తువునకును ఉన్న సంబంధము. పెద్దాయన తక్కెడ దగ్గర అడిగిన ప్రశ్న ఇంకను మిగిలియున్నది. ముప్పదిరెండు కిలోలు మోయువాడెవడు? కైలాసప్రదక్షిణమున సంఘముల సామానును జడలబర్రెలు మోయును. యాత్రికుని చేతిసంచిని టిబెట్టు మోతగాడు మోయును. ఎన్నడును పేరు అడుగని మనుష్యుడొకడు, ఎన్నడును నోరు విప్పి చెప్పుకొనలేని పశువొకటి, ఇంటిలోని “ఎందుకైనా మంచిది” అను మాటను వీపుమీద వేసికొని కనుమ ఎక్కవలసియున్నది.

ఇక్కడ శాస్త్రకారుల సూక్ష్మదృష్టి గమనింపదగినది. అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: ప్రాణిని కట్టివేయుట, కొట్టుట, అవయవములు ఛేదించుట, అతిభారము మోపుట, అన్నపానములు అడ్డగించుట. ఎక్కువ బరువు మోపుటను కొట్టుట, కోయుటలతో ఒకే వరుసలో ఉంచిరి. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున దీనిని మరియొక చోట కూడ పేర్కొనిరి. పరిగ్రహపరిమాణ వ్రతమునకు కలుగు దోషములలోను అతిభారము ఒకటి. ఒకే తప్పు రెండు వ్రతముల క్రింద నమోదైనది. వర్తకులకు ఇది వెంటనే తెలియవలసిన సంగతి. ఒక ఖాతాలో పరిగ్రహముగా వ్రాసినది మరియొక ఖాతాలో హింసగా తేలుచున్నది. అధికముగా కూడబెట్టిన వస్తువు గోదాములో ఉన్నంతకాలము ఎవరిని బాధించునో కంటికి కనబడదు. కొండదారిలో అది ఎవరి వీపుమీద ఉన్నదో కనబడును. కొండ నేర్పు పాఠము ఇదియే.

చెన్నపట్టణమునుండి బయలుదేరిన తెలుగువారి యాత్రలలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర ప్రసిద్ధమైనది. మదరాసు సుప్రీంకోర్టున దుబాసీగా ఉండిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. వెంట సుమారు నూరుమంది పరివారము, ప్రయాణము మేనాలో. ఆ కాలమున అడవులు, నదులు, దొంగలభయము దాటుటకు అది తప్పని ఏర్పాటు కావచ్చును. ఐనను ఆయన కాశీయాత్రచరిత్రలో మజిలీ మజిలీకి ఏయే పదార్థములు దొరకునో, ఏవి దొరకవో, నీటివసతి ఎట్లున్నదో శ్రద్ధగా వ్రాసిపెట్టెను. ఆ వ్రాతవలన తరువాతి యాత్రికునికి కలిగిన మేలు ఏమనగా, దొరకునని తెలిసినదానిని మోయనక్కరలేదు. తెలియమి బరువైనది, తెలివి బరువు తగ్గించును. “ఎందుకైనా మంచిది” అని పెట్టిన వస్తువులలో సగము, దారి తెలియనివాడు తన తెలియమికి బదులుగా పెట్టినవే. ముందుగా పోయివచ్చినవారిని ఒక గంటసేపు అడిగినచో ఐదు కిలోలు తగ్గవచ్చును.

ఇటీవలి లోకమున ఇందుకు రెండు కొసలు కనబడుచున్నవి. 1953 మే 29న టెన్సింగు నార్గే, ఎడ్మండు హిల్లరీ ఎవరెస్టు శిఖరము చేరిరి. ఆ ఇద్దరు పైకి పోవుటకు సుమారు పదివేల పౌనుల సామాను, 360కి పైగా మోతగాండ్రు కావలసివచ్చిరి. 1980 ఆగస్టు 20న రైన్‌హోల్డు మెస్నరు ఒంటరిగా, ప్రాణవాయువు సీసాలు లేకయే అదే శిఖరము చేరెను. పైదారిలో తన బరువు తానే మోసికొనెను. రెండవవాని పద్ధతి చూచి ముచ్చటపడుట సులభము, అనుకరించుట సులభము కాదు. ఆ తేలికదనము వెనుక ఏండ్ల అభ్యాసమున్నది.

కావున మూట తేలికయైనంతమాత్రాన అది ధర్మము కాదు. అరువదియేండ్ల గృహస్థుడు ఉన్నిచొక్కా మాని, మందులు మాని, “నేను అపరిగ్రహిని” అని బయలుదేరినచో ఏమగును? మొదటిరాత్రియే తోడివాని కంబళి అడుగవలసివచ్చును. రెండవదినమున తలనొప్పి, వాంతి పట్టినచో నలుగురు ఆగవలెను, ఇద్దరు అతనిని క్రిందికి దింపవలెను. అతడు విడిచిన ఆరు కిలోల బరువునకు బదులు అరువదికిలోల దేహమే ఇతరుల భుజముపై పడినది. త్యాగమని ఇంటిలో వ్రాసికొన్న పద్దు కొండపై అప్పుగా తేలినది. దిగంబరముని పింఛము, కమండలువు మాత్రమే ధరించి సంచరించును. అది ముని చర్య. ఆ శరీరము, ఆ మనస్సు దానికి సిద్ధపడియున్నవి. గృహస్థుడు ముని వేషమును మూడు దినములకు అద్దెకు తెచ్చుకొనరాదు. అతని వ్రతము పరిమాణము, అనగా కొలత. కొలతకు ఎక్కువ ఎట్లు తప్పో తక్కువయు అట్లే తప్పు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడును. “మోతగాడు కూలి పుచ్చుకొనుచున్నాడు. అందరును తమ మూట తామే మోసినచో అతని కుటుంబమెట్లు బ్రతుకును? కూలి ఇచ్చినతరువాత దోషమేమి?” ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. పని ఇచ్చుట పుణ్యమే. శాస్త్రము భారమును నిషేధింపలేదు, అతిభారమును నిషేధించినది. వివాదమంతయు ఆ ‘అతి’ అను రెండక్షరములలో ఉన్నది. నేపాలుదేశమున ట్రెక్కింగు మోతగాడు 30 కిలోలకు మించి మోయరాదని మోతగాండ్ర క్షేమము కోరువారు ఒక హద్దు పెట్టిరి. ఆ హద్దు ఎందుకు కావలసివచ్చెను? కూలి అవసరమైనవాడు “నేను మోయలేను” అని చెప్పజాలడు కనుక. బేరమున ఇద్దరికి సమానమైన నోరు లేనప్పుడు, ధర్మము బేరముతో తీరిపోదు. అటుపైన నోరున్నవాడే కొలత పెట్టుకొనవలసియున్నది.

మరియొక సంగతి. అక్కడ మోతగాండ్రందరును కొండపైననే పుట్టినవారు, చలి వారికి తగులదు అని ఒక భ్రమ ఉన్నది. నేపాలు మోతగాండ్రలో పెక్కురు దిగువలోయల వ్యవసాయదారులు. పలుచని గాలి వారిని కూడ బాధించును, మంచు వారి వ్రేళ్లను కూడ కొరుకును. వెచ్చని కోటును మూటలో మోయుచు, తాను పలుచని చొక్కాతో నడచువాని చిత్రము ఒకసారి మనస్సున నిలుపుకొనవలెను. అప్పుడు మూటపట్టికలో మొదట వ్రాయవలసిన వస్తువు ఏదియో తెలియును: మోయువాని కంబళి. అతనికి జోడు ఉన్నదా, రాత్రి తలదాచుకొను చోటు ఉన్నదా, జబ్బుపడినచో తోడు ఇచ్చి క్రిందికి పంపువారున్నారా అని అడిగి తెలిసికొనుటయు మూట కట్టుటలో భాగమే. అన్నపానములు అడ్డగించుట ఐదవ అతిచారమని ముందే చెప్పబడినది. తాను తినుచుండగా మోతగాడు తినెనో లేదో చూడకుండుట దానికి ఎంత దూరమో ఎవరికి వారు ఆలోచింపదగును.

ఇట్లు విచారింపగా యాత్రికునికి ఒక తూకము ఏర్పడును. ప్రతి వస్తువును చేతబట్టి మూడు మాటలు అడుగవచ్చును. ఇది లేనిచో ప్రాణమునకో, ఆరోగ్యమునకో హాని కలుగునా? దారిలో ఇది దొరకునా, లేక తోడివారితో కలిసి ఒకటే వాడుకొనవచ్చునా? దీనిని స్వయముగా కనుమ దాటించవలసివచ్చినచో అప్పుడును పెట్టుకొందునా? మూడవ ప్రశ్నకు వచ్చు జవాబు మొదటి రెంటి జవాబును నిజము చేయును. నలుగురికి నాలుగు కుక్కర్లు ఏల? పదిమందికి పది మందులపెట్టెలు ఏల? సంఘమై పోవుటలోని సౌఖ్యమంతయు ఇందులోనే ఉన్నది. బయలుదేరుటకు ఒక మాసము ముందు, తాను మోయదలచిన సంచిని భుజమున వేసికొని మెరీనా ఇసుకలో ప్రతి ఉదయము ఒక గంట నడచినచో, తక్కెడ చెప్పని సంగతులు భుజము చెప్పును. మెట్లులేని పట్టణమునకు ఇసుకయే గురువు.

పై పెద్దాయన ఇంటిలో అట్లే జరుగునని అనుకొనవచ్చును. దిండు పోవును, రెండవ కుక్కరు పోవును, కోడలు తెచ్చిన శాలువ మాత్రము పోదు. అది మోతగానికని మూటపై కట్టబడును. మూట ఇరువది కిలోలకు దిగును. అందులో ఎనిమిది కిలోలు పెద్దాయన తన సంచిలోనే పెట్టుకొనును. ముందు ఆరు మోయగలననుకొన్నవాడు మాసము దినములు ఇసుకలో నడచి మరి రెండు కిలోల సత్తువ సంపాదించెను. ధర్మము ఒక్కసారి దొరకదు. ఇట్లు రెండేసి కిలోలుగా దొరకును.

యాత్ర ముగిసి తిరిగివచ్చినవాని కంట షావుకారుపేట వీధి మునుపటివలె కనబడరాదు. తెల్లవారకముందే అక్కడ మూడుచక్రముల బండ్లు, తలమూటలు కదలాడును. ధాన్యము, చక్కెర మూటలు 100 కిలోలుగా ఉండిన దినములు కలవు. నేడు 50 కిలోల సంచి వాడుకలోనికి వచ్చినది. 1967లో అంతర్జాతీయ కార్మికసంస్థ, ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. మనుష్యుడు మనుష్యుని లాగుచున్న చేతిరిక్షాలను 1973లో తమిళనాడు ప్రభుత్వము మాన్పించినది. ఈ మార్పులన్నియు ‘అతి’ అను రెండక్షరములను ఎవరో ఒకరు చూచుటవలన వచ్చినవే. ఇంకను చూడవలసినవి దుకాణపు గుమ్మముముందే ఉండవచ్చును. మేడమీది గోదామునకు ఇరుకుమెట్లపై రోజుకు ఎన్ని మూటలు ఎక్కుచున్నవి? ఎండలో మోయువానికి నీటికుండ ఉన్నదా? కొండమీద మోతగానికి కంబళి ఇచ్చినవాడు తన గుమ్మమున మోయువానికి నీడ ఇయ్యకున్నచో, ఆ యాత్రలో కాళ్లు మాత్రమే నడచినవనవలెను.

అష్టాపదమునకు అందరును పోలేరు. వయస్సు, ఆరోగ్యము, అనుమతి అందరికిని కలిసిరావు. కాని మూట కట్టుట ప్రతి గృహమున ప్రతిదినము జరుగుచునే ఉన్నది. పెండ్లికి కట్టినను, దుకాణమునకు కట్టినను, రేపటికై కట్టినను ఒక ప్రశ్న తప్పదు. ముడి వేయు చేయి ఒక్క క్షణము ఆగి, “మోసేదెవరు?” అని అడిగినచో ఆ మూట సగము తేలికయగును. మిగిలిన సగమును మోయుటకు మనుష్యులు ఒకరికొకరు ఉన్నారు.